ముందు కాలువ, తర్వాతే మొరం

మీరు అడిగింది ఇది. హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి దాటాక తారు రోడ్డు నుంచి లోపలికి 1.2 కిలోమీటర్ల మట్టి బాట. దాని పొడవునా 23 ఇళ్లు, కొన్ని ఖాళీ ఫామ్ ప్లాట్లు, అవి దాటితే ఊరి రైతుల పొలాలు. మూడేళ్లలో మూడుసార్లు చందాలు వేసుకుని మొరం (రోడ్ల మీద పరిచే, గులక కలిసిన ఎర్ర మట్టి) పోయించారు. మూడుసార్లూ వానకు కొట్టుకుపోయింది. ఇప్పుడు సగం మంది ఇక ఇవ్వమంటున్నారు, రైతులైతే మొదటి నుంచీ ఇవ్వలేదు. సంఘం రిజిస్టర్ చేయించాలా, సిమెంట్ రోడ్డు వేయించాలా, లేక చేతులెత్తేయాలా అని మీ సందేహం.

ఈ ఏడు మొరానికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఉన్న డబ్బంతా నీళ్లు పక్కకు పోవడానికి పెట్టండి. సంఘం పెట్టండి, కానీ రైతులను కూర్చోబెట్టుకుని పెట్టండి. సిమెంట్ మాట ఇంకో మూడు వానాకాలాలు ఎత్తకండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను పంచాయతీరాజ్ రోడ్ల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. చేవెళ్ల వైపు ఒక ఊరి శివారులో ఇల్లు కట్టుకున్నాను. మా బాట కూడా కిలోమీటరు పైనే. దాని లెక్కల పుస్తకం, దాని తిట్లు రెండూ పదేళ్లకు పైగా నా దగ్గరే ఉన్నాయి. ఉద్యోగంలో రోడ్లు వేయించడం వేరు, పక్కింటివాళ్ల చందాలతో రోడ్డు నిలబెట్టడం వేరు అని నాకు తెలిసింది ఇక్కడికి వచ్చాకే.

మేం చేసిన తప్పులు ముందే చెప్పేస్తే మీకు డబ్బు మిగులుతుంది. మొదటి ఏడాది క్రషర్ డస్ట్ పోయించాం. కొత్తలో చూడ్డానికి నున్నగా, సిమెంట్ రోడ్డులా ఉంది, అందరూ ఫొటోలు కూడా తీసుకున్నారు. వాన పడగానే జావలా అయింది, ఎండాకాలం వచ్చేసరికి పొడై ఇళ్లలోకి లేచింది. రెండో ఏడాది ఎవరో ఊరికే ఇస్తామన్నారని కూల్చిన ఇళ్ల చెత్త తెచ్చి గుంతల్లో నింపాం. ఆ ఇటుక ముక్కల్లో ఉన్న మేకులు, ఇనుప చువ్వల ముక్కలు ఒక్క నెలలో ఎన్ని టైర్లు తిన్నాయో లెక్కలేదు. ఊరికే వచ్చింది కదా అనుకున్నది అన్నిటికంటే ఖరీదైన పని. మూడో తప్పు చెప్పడానికి నాకే సిగ్గు, ఎందుకంటే అది నా సలహా. కార్లు ఎదురెదురుగా రావడం కష్టంగా ఉందని బాట పక్కనున్న పాత కాలువను పూడ్చి రోడ్డు వెడల్పు చేయించాను. ఆ వానాకాలం నీళ్లకు పోయే చోటు లేక రోడ్డునే కాలువ చేసుకున్నాయి. అన్నేళ్లు రోడ్ల పనిలో ఉన్నవాణ్ని నేనే ఆ పని చేయించానంటే, ఇక మామూలు మనిషిని తప్పుపట్టడానికేముంది.

మట్టి రోడ్డును చెడగొట్టేది బండి అని అందరూ అనుకుంటారు. బండి రెండోది. మొదటిది నీళ్లు. పొడిగా, గట్టిగా ఉన్న మొరం మీద ట్రాక్టరు నెలల తరబడి తిరిగినా ఏమీ కాదు. అదే మొరం తడిసి మెత్తబడ్డాక ఒక్క నీళ్ల ట్యాంకర్ చాలు, చక్రం గాడి పడుతుంది. ఆ గాడిలో మళ్లీ నీళ్లు నిలుస్తాయి. గుంత మీద మొరం పోస్తే కింద తడి అలాగే ఉంటుంది, వారంలో అదే చోట అదే గుంత. మీ మూడు విడతల మొరం ఇలాగే పోయి ఉంటుంది.

అందుకని మొదటి పని ఖర్చు లేనిది. మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని బాట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. నీళ్లు ఎక్కడ రోడ్డెక్కుతున్నాయి, ఎక్కడ దిగుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అన్నవి ఫోన్‌లో వీడియో తీయండి. తెరిపిచ్చాక ఆ చోట్ల సున్నంతో గుర్తులు పెట్టండి. ఎండలో నిలబడి ఏ ఇంజనీరూ చెప్పలేనిది ఆ అరగంట వాన చెప్తుంది.

రెండో పని ఊరి ముసలివాళ్లను అడగడం. మా ఊళ్లో పూర్వం చెరువు తూములు చూసుకున్న నీరటి కుటుంబం ఉంది. ఆ పెద్దాయన మా బాట మీద నడుస్తూ ఒక చోట కర్రతో నేల మీద కొట్టి, "ఇక్కడ ఒర్రె ఉండె సారూ, పైకుంట మత్తడి పోస్తే నీళ్లన్నీ ఇక్కడికెల్లే పోతుండె, ప్లాట్లోళ్లు మూసిన్రు" అన్నాడు. ఒర్రె అంటే చిన్న వాగు, మత్తడి అంటే కుంట నిండితే నీళ్లు పొర్లే చోటు. మేం మూడేళ్లుగా మొరం పోస్తున్నది సరిగ్గా ఆ చోటే. నీళ్లకు తమ పాత దారి గుర్తుంటుంది. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్ చుట్టూ కుండపోత కురిసింది గుర్తుందా, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. ఆ రాత్రి మా వైపు అంత పడలేదు కానీ, ఒర్రె ఉన్న చోట రోడ్డును మనిషి నడుము లోతున కోసేసింది. మేం అప్పటికి అక్కడ వేసింది అడుగు వెడల్పు గూన (పైపు) ఒకటి మాత్రమే. ప్లాస్టిక్ సంచులు, గడ్డి అడ్డుపడి అది మొదటి గంటలోనే మూసుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు అక్కడ 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు (సిమెంట్ పైపులు) రెండు వరసలు ఉన్నాయి. మీకూ అదే చెప్తాను, రోడ్డు కింద రెండడుగుల కంటే సన్న పైపు వేయొద్దు, లోపలికి పార పెట్టి శుభ్రం చేయలేరు. పైపు ఎన్‌పీ3 రకం అడగండి. ఎన్‌పీ2 కొంత చవక, కానీ బోరు లారీ ఎక్కితే పగులుతుంది. ఒక్కో పైపు రెండున్నర మీటర్లు వస్తుంది కాబట్టి 12 అడుగుల రోడ్డుకు రెండు కలిపి వేస్తే రెండు పక్కలా కాస్త మిగులుతుంది. పైన కనీసం రెండడుగుల మట్టి ఉండాలి. రెండు మూతుల దగ్గరా రాతి కట్టడం కట్టించండి, లేకపోతే నీళ్లు పైపు పక్క నుంచి దొలుచుకుపోతాయి. ఒర్రె మరీ వెడల్పుగా, లోతు లేకుండా ఉంటే పైపుల జోలికే వెళ్లకండి, చప్టా వేయించండి. ఏడాదిలో నాలుగు రోజులు నీళ్లు దాని మీద నుంచి పారతాయి, పారనివ్వండి. ఆ నాలుగు రోజులు ఆగి వెళ్లాలి, అంతే.

ఇక రోడ్డు ఆకారం. మట్టి రోడ్డు నడిమధ్యన ఎత్తుగా, తాబేలు డిప్పలా ఉండాలి. మీటరుకు నాలుగు సెంటీమీటర్ల వాలు కావాలి, అంటే 12 అడుగుల రోడ్డుకు నడుమ దాదాపు మూడు అంగుళాల ఎత్తు. తారు రోడ్డుకు ఇంత అక్కర్లేదు, మొరానికి కావాలి. ఇది కంటికి కనబడదు, మేస్త్రీల లెవల్ పైపుతో, దారంతో చూసుకోవాలి. జేసీబీ డ్రైవర్‌కు వదిలేస్తే బల్లపరుపుగా చదును చేసి, "సూపర్ అయింది సార్" అని వెళ్లిపోతాడు. బల్లపరుపు రోడ్డు అంటే మొదటి వానకు గుంతలు.

రెండు పక్కలా కాలువ ఉండాలి, దాని అడుగు రోడ్డు కంటే కనీసం అడుగున్నర కిందికి ఉండాలి. వాలు ఎక్కువున్న చోట ఆ కాలువలో నీళ్లను దూరం పోనివ్వకూడదు. దూరం పోయినకొద్దీ వేగం పెరిగి కాలువే రోడ్డును కోస్తుంది. ప్రతి 50, 60 మీటర్లకు ఒక చోట నీళ్లను బయటికి వదలాలి. ఇక్కడే తగాదాలు మొదలవుతాయి, ఎందుకంటే బయట అంటే ఎవరో ఒకరి చెలక. రైతును అడగకుండా నీళ్లు వదిలితే ఆయన గెట్టు తెగుతుంది, రాత్రికి రాత్రి మీ కాలువ మూసుకుంటుంది. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కొందరు తమ బావి వైపో ఫామ్ పాండ్ వైపో మళ్లించమని అడిగి తీసుకుంటారు కూడా. నీళ్లు దిగే చోట మాత్రం చెరువు కట్టకు రివిట్‌మెంట్ చేసినట్టు నాలుగు బండరాళ్లు పేర్పించండి.

జేసీబీ పెట్టే ముందు రోజు ఒక మాట. బాట కింద నుంచి రైతుల బోరు కేబుళ్లు, డ్రిప్పు పైపులు అడ్డంగా పోతుంటాయి. ఎవరివి ఎక్కడున్నాయో ఎవరికి వారిని పిలిచి సున్నం గీతలు గీయించండి. మేం అది మరిచిపోయి ఒక రైతు మోటారు కేబుల్ తెంపాం. ఎండిపోతున్న వరి మడి ముందు నిలబడి సంఘం లక్ష్యాలు వివరించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మీ నేల ఎలాంటిదో రాయలేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు ఎర్ర చెలకా ఉంటుంది, మధ్యలో నల్లరేగడి మడతలూ ఉంటాయి. ఎర్ర నేల అయితే మీ అదృష్టం. రేగడి మాత్రం తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. దాని మీద నేరుగా పోసిన మొరం రెండు వానల్లో లోపలికి దిగిపోతుంది, పోసిన ఆనవాలు కూడా ఉండదు. రేగడి ఉన్న ముక్క వరకు పైమట్టి అడుగు లోతున తీయించి, ముతక మొరంతో నింపి, రోలర్ తిప్పి, అప్పుడు పైపొర వేయండి. మొత్తం బాటకు అక్కర్లేదు, ఆ ముక్కకే.

మొరం వచ్చే ఏడు కొంటారు కదా, అప్పటికి గుర్తుంచుకోండి. ఎర్రగా ఉన్నదల్లా మొరం కాదు. గాజు సీసాలో సగం మొరం, సగం నీళ్లు పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేయండి. అడుగున రాయి, దాని మీద ఇసుక, పైన బంక మట్టి పొరలు పొరలుగా తేరుకుంటాయి. బంక పదో వంతుకు అటూ ఇటూ ఉంటే మంచిది. బంక అసలు లేకపోతే రాళ్లు చక్రాల కింద దొర్లి పక్కకు పోతాయి, మరీ ఎక్కువైతే వానకు స్కూటర్లు జారతాయి. చెరువు పూడిక మట్టి పొలానికి బంగారం, రోడ్డుకు పనికిరాదు. ఇంకొకటి, మొరం తవ్వకానికి గనుల శాఖ అనుమతి, బండి వెంట రవాణా కాగితం ఉండాలి. రాత్రిపూట ఏదో గుట్ట నుంచి సగం ధరకు తెస్తామనేవాళ్ల దగ్గర కొంటే, బండి పట్టుబడ్డ రోజు మీ సంఘం పేరూ బయటికొస్తుంది.

లెక్క కూడా చెప్తాను. 1.2 కిలోమీటర్లు, 12 అడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందం పోస్తే సుమారు 157 యూనిట్లు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. రోలర్ తిప్పాక ఆ నాలుగు అంగుళాలు మూడు అవుతాయి. ట్రిప్పు లెక్కన కొనకండి, మొదటి టిప్పర్ రాగానే బాడీ పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి డ్రైవర్ ముందే రాసుకోండి. కొలిచేవాళ్లున్నారని తెలిస్తే తర్వాతి బండ్లు వాటంతట అవే నిండుగా వస్తాయి.

పని కాలం పాతవాళ్ల కార్తెల లెక్కే సరిపోతుంది. రోహిణి ఎండల్లో పొడి మొరం మీద రోలర్ తిప్పితే దుమ్ము తప్ప ఏమీ గట్టిపడదు. పైపులు, కాలువలు మృగశిర రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపే ముగించాలి. మొరం పరచడానికి వానలు వెనకబట్టాక, దసరా దీపావళి మధ్య, నేలలో ఇంకా తడి ఉన్న రోజులు బాగుంటాయి. మొరం పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. ఆ తడి మీద రోలర్ తిరిగితేనే మొరం రాయిలా అవుతుంది.

ఏడాది పొడవునా చేయాల్సింది మాత్రం చాలా చిన్న పని. పాత ఇనుప గర్డరు ముక్కకు రెండు వైపులా గొలుసు కట్టి, కాస్త ఏటవాలుగా ట్రాక్టరు వెనక లాగించడం. పొలంలో గుంటక కొట్టినట్టే. వాన తెరిపిచ్చిన మర్నాడు, రోడ్డు ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు, అంచుల నుంచి నడుముకు మట్టి చేరేలా రెండు సార్లు తిప్పితే చాలు. ఇది మా తెలివేమీ కాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో వార్డ్ కింగ్ అనే రైతు వందేళ్ల కిందటే దుంగను నిలువునా చీల్చి గుర్రాల వెనక ఇలాగే లాగించి, ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. మా ఊరి రైతుకు నేను ఆ కథ చెప్తే, "గుంటక మాకు తెల్వదా సారూ" అని నవ్వాడు. నిజమే.

రోడ్డు మీద అడ్డంగా అలలు అలలుగా లేచి కారు గడగడలాడుతుంటే అది నీళ్ల వల్ల కాదు, స్పీడు వల్ల. పొడి రోడ్డు మీద వేగంగా పోతే, బ్రేకు వేసే చోట, యాక్సిలరేటర్ తొక్కే చోట అవి లేస్తాయి. ఇరవైకి మించి పోవద్దని బోర్డు పెట్టాం. బోర్డును ఎవరూ పట్టించుకోలేదు, పిల్లల స్కూల్ బస్ డ్రైవర్ తప్ప.

ఇక మనుషుల సంగతి. దీనికి ముందు ఒక్కటి తేల్చుకోవాలి, ఆ బాట ఎవరిది? తహసీల్దార్ ఆఫీసులో అడిగి గ్రామ నక్ష (ఊరి భూముల పటం) కాపీ తీసుకోండి. అందులో బండ్ల బాట గీత ఉంటే అది నక్ష బాట, ఊరందరిదీ. లేకపోతే అది ఎవరో పట్టాదారు తన భూమిలోంచి వదిలిన దారి. ఫామ్ ప్లాట్ల వెంచర్లలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. బ్రోచర్‌లో 30 అడుగుల రోడ్డు ఉంటుంది, మీ దస్తావేజు హద్దుల్లోనూ రోడ్డు అని రాసి ఉంటుంది, కానీ ఆ రోడ్డు భూమి రికార్డుల్లో ఇప్పటికీ అమ్మినాయన పేరు మీదే ఉంటుంది. రేపు ఆయన పిల్లలు పంపకాల్లో దాన్ని ఇంకొకరికి అమ్మితే గొడవ కోర్టుకే. మీది ఆ రకమైతే, మొరం కంటే, కాలువ కంటే ముందు ఆ భూమి పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయించుకోవడమో, దారి హక్కును రిజిస్టర్ చేయించుకోవడమో చేయండి. 20 ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా, హక్కుగా నడిచిన దారికి చట్టం రక్షణ ఇస్తుంది. కానీ ఒకరి అనుమతితో నడిచింది ఎన్నేళ్లయినా అలా హక్కు కాదు. ఈ ముక్క మాత్రం లాయర్‌కు కాగితాలు చూపించే తేల్చుకోండి, నా మాట మీద కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పరిసరాల్లో 2024లో 51 పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి కాబట్టి, మీ ఊరు ఇప్పుడు దేని కింద ఉందో కూడా చూసుకోండి. అర్జీ తప్పు ఆఫీసులో ఇస్తే ఏడాది పోతుంది.

సొసైటీల చట్టం, 2001 కింద ఏడుగురు చాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించవచ్చు. కానీ నా సలహా, మొదటి ఏడాది వద్దు. ఒక నోటుపుస్తకం, ముగ్గురి పేర్ల మీద ఒక బ్యాంకు ఖాతా, అంతే. ఒక వానాకాలం కలిసి పని చేశాక ఎవరు మాటలవాళ్లో, ఎవరు పనివాళ్లో తెలుస్తుంది. అప్పుడు పనివాళ్ల పేర్లతో రిజిస్టర్ చేయండి. ముందే చేస్తే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ఫ్లెక్సీ, అక్కడితో ఆగిపోతుంది. ఇంకో సంగతి, సంఘం రోడ్డును బాగుచేస్తుంది, రోడ్డు సంఘానిది కాదు. గేటు పెట్టి వాచ్‌మన్‌ను కూర్చోబెడదామని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నక్ష బాట మీద గేటు పెట్టిన రోజే రైతులతో మీ పొత్తు ముగిసినట్టే, పైగా కేసు కూడా.

రైతులు డబ్బులివ్వరని రాశారు. మేం మొదటిసారి అడిగినప్పుడు ఒకాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈ బాట మీ ప్లాట్ల కోసం ఏసింది కాదు సారూ. మా తాత ఎడ్లబండి తోలిన బాట. మా బాట మీద మేం నడిస్తే మీకు పైసలెందుకియ్యాలె?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. వాళ్లు చందా ఎగ్గొట్టేవాళ్లు కారు, మనకంటే ముందున్నవాళ్లు. అప్పటి నుంచి మేం రైతుల దగ్గర డబ్బు అడగలేదు, పని అడిగాం. ట్రాక్టరు ఉన్నాయన వానాకాలంలో నాలుగు సార్లు గర్డరు లాగుతాడు, డీజిల్ సంఘానిది. పైపు మూతులు ఎవరి పొలం దగ్గర ఉంటే వాళ్లే చూస్తారు. బదులుగా వాళ్లు మమ్మల్ని ఒకటి అడిగారు, వడ్లు, పత్తి ఇంటికి చేరే రోజుల్లో కార్లు రోడ్డు మీద ఆపొద్దని. మేం వాళ్లను ఒకటి అడిగాం, దమ్ము చేసే కేజ్‌వీల్స్ బిగించుకుని ట్రాక్టరు రోడ్డెక్కించొద్దని. ఆ ఇనుప చక్రాలు ఒక్కసారి పోతే రోలర్ తిప్పిన రోడ్డు దున్నిన చెలకలా అవుతుంది. ఇప్పుడు చక్రాలు ట్రాలీలో వేసుకుని పొలం దగ్గర బిగించుకుంటారు. అందరూనా అంటే, అందరూ కాదు.

ఇళ్లవాళ్ల చందా సంగతికొస్తే, అందరికీ సమానం అంటే చివరి ఇంటాయనకు సంతోషం, మొదటి ఇంటాయనకు మంట. ఈ గొడవ మనకే కాదు. స్వీడన్‌లో పల్లె దారులు చాలావరకు ఇళ్లవాళ్ల సంఘాల చేతుల్లోనే ఉన్నాయి, వాళ్లకు ప్రభుత్వ గ్రాంటు కూడా వస్తుంది. అక్కడ వాటా లెక్క బరువు, దూరం కలిపి కడతారు, ఎవరి బండ్లు ఎంత బరువుతో ఎంత దూరం పోతాయన్నది చూసి. మాకు అంత ఓపిక లేదు. ఉంటున్న ఇంటికి రెండు వాటాలు, ఖాళీ ప్లాటుకు ఒక వాటా అని పెట్టుకున్నాం. మొదటి రెండు వందల మీటర్లలోపు ఇళ్లకు ఒకటిన్నర. న్యాయం పూర్తిగా జరగలేదు, గొడవ మాత్రం ఆగింది.

అసలు రాబడి చందాల్లో లేదు, డిపాజిట్‌లో ఉంది. ఇల్లు కట్టేవాళ్లు, బోరు వేయించేవాళ్లు పని మొదలుపెట్టే ముందు సంఘానికి డిపాజిట్ కట్టాలి. పని అయ్యాక రోడ్డు చూసి, బాగుచేయడానికి అయినంత మినహాయించి మిగతాది ఇచ్చేస్తాం. ఇది కక్ష కాదు. తారు రోడ్ల మీద చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం దాదాపు పదహారింతలు. మట్టి రోడ్డు అంతకంటే గట్టిదేమీ కాదు కదా. ఒక్క ఇంటి నిర్మాణానికి వచ్చే ఇసుక, కంకర, రెడీమిక్స్ బండ్లు మిగతా ఇళ్ల కార్లన్నీ ఏళ్ల తరబడి తిరిగినా చేయని నష్టం చేస్తాయి. పెద్ద వాన పడ్డ తర్వాత రెండు రోజులు బరువు బండ్లు రావొద్దన్నది మా రెండో నియమం. అంబులెన్సుకు, ఫైరింజన్‌కు తప్ప. ఎత్తు అడ్డగించే కమాన్లు మాత్రం పెట్టొద్దు.

డబ్బు పట్టుకునే మనిషి, టిప్పర్ వాళ్లతో బేరమాడే మనిషి ఒక్కరు కాకూడదు. ఎంత నిజాయితీపరుడైనా సరే. మా పుస్తకం రాసేది రిటైరైన ఒక టీచరమ్మ. ప్రతి నెలా జమాఖర్చు ఒక కాగితం మీద రాసి బాట మొదట్లో ఉన్న పోచమ్మ గుడి పక్క గోడకు అంటిస్తారు, అదే ఫొటో గ్రూపులో పెడతారు. గోడ మీది కాగితం ముఖ్యం, ఎందుకంటే రైతులు సగం మంది మా వాట్సాప్ గ్రూపులో లేరు. మీటింగులు ఎవరింట్లోనూ పెట్టం. ఏ గుంత గురించి మాట్లాడాలో ఆ గుంత పక్కన నిలబడి పావుగంటలో తేల్చుకుంటాం. కుర్చీలు వేస్తే మీటింగు రెండు గంటలు పడుతుంది.

ఏడాదికి రెండు ఆదివారాలు శ్రమదానం, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. పైపుల మూతులు తీయడం, వయ్యారిభామ పీకడం, కాలువల్లో ప్లాస్టిక్ ఏరడం. నిజానికి ఇద్దరు కూలీలను పెడితే ఈ పని ఇంతకంటే నున్నగా అవుతుంది. కానీ తన చేత్తో పైపులోంచి బురద తీసినాయన మళ్లీ కాలువలో చెత్త కవర్ విసరడు. చేయలేని పెద్దవాళ్లకు చాయ్ డ్యూటీ ఇవ్వండి, ఊరికే నిలబెట్టకండి.

సిమెంట్ రోడ్డు ఎందుకు వద్దన్నానంటే, నీళ్ల దారి కుదరకుండా వేసిన సిమెంట్ కిందంతా డొల్లబోయి పలకలు పలకలుగా విరుగుతుంది. మట్టి రోడ్డులో తప్పు జరిగితే పారతో దిద్దుకోవచ్చు. మూడు వానాకాలాలు కాలువలు పనిచేశాయని చూశాక, పంచాయతీతో తీర్మానం చేయించి నిధులకు ప్రయత్నించండి. అప్పుడు కూడా ముందు ఎక్కుడు ఉన్న చోట, మలుపుల్లో వేయించుకోండి, మొత్తం ఒకేసారి కాదు.

చివరగా, ఇక ఇవ్వమన్న సగం మంది గురించి. వాళ్ల వెంట పడకండి. మూడుసార్లు ఇచ్చి మూడుసార్లూ నీళ్లపాలైతే నేనైనా అదే అంటాను. ఉన్న డబ్బుతో అన్నిటికంటే చెడ్డ వంద మీటర్లు తీసుకుని, కాలువ తవ్వి, ఒక పైపు వేసి ఒక వానాకాలం చూపించండి. మాకు అలా సగానికి పైగా తిరిగి వచ్చారు. ఒకాయన మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు. పుస్తకంలో ఆయన పేరుకు ఎదురుగా ఇన్నేళ్లుగా గడి ఖాళీగానే ఉంది. రోజూ పొద్దున అదే రోడ్డు మీద కారులో పోతూ చెయ్యెత్తుతాడు, నేనూ ఎత్తుతాను. టీచరమ్మ మాత్రం ప్రతి ఏప్రిల్‌లో కొత్త పేజీ గీసినప్పుడు ఆయన పేరు మళ్లీ రాస్తూనే ఉంది.